గుడ్ల కాలంలో పిలుపు

మార్చి 9, ఆదివారం

ముందుగా క్షమాపణ. ఈ పుస్తకం ఎవరి చేతికి వచ్చినా నా అక్షరాలు చూసి నవ్వకండి. ఆరో తరగతి సగంలో బడి మానేసిన చేతి రాత ఇది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులు కనబడితే సర్దుకొని చదువుకోండి. కోళ్ళు కెలికినట్టుంది అనేది మా పంతులమ్మ. కోళ్ళని తక్కువ చెయ్యడం నాకిష్టం లేదు గానీ ఆవిడ అన్నది నిజమే.

మాట్లాడడానికి మనిషి లేక రాస్తున్నాను. మా ఆయన చక్రపాణి ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు. పగలు ఆఫీసు, సాయంత్రం ఫోను. ఆఫీసులో అతని పేరు చక్. అంత పేరునీ విరిచి, తెల్లవాళ్ళ నోట్లో పట్టే ముక్క ఒక్కటి ఉంచుకొని మిగతాది పారేశాడు.

ఈ రోజు ఆ చక్ గారు ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కా, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు కొనుక్కొచ్చి, అన్నీ వేసుకొని హాల్లో నిలబడ్డాడు.

"ఎట్టుండానే?" అన్నాడు.

"చెట్టు లాగా ఉండావు బావా."

"అదే గదా కావాల్సింది! దీన్ని క్యామో అంటారు. టర్కీ కోడికి కళ్ళు చాలా షార్ప్ అంట. రస్సెల్ చెప్పాడు. క్లబ్‌లో జాయిన్ అయినాను. అడవి టర్కీలని కన్సర్వ్ చేస్తారు, వేట సంప్రదాయాన్ని కాపాడతారు."

రస్సెల్ అంటే వీళ్ళ డైరెక్టరు. తెల్ల గడ్డం మనిషి. గ్రీన్ కార్డు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయన గోల్ఫ్ ఆడేవాడైతే మా ఆయన గోల్ఫ్ కర్ర కొనేవాడు. ఆయన టర్కీలు వేటాడతాడు గనక ఈయన చెట్టయ్యాడు.

మా నాన్న పాత గోనెపట్టా కప్పుకొని కందిచేలో కూర్చుంటే కౌజు పిట్టలు వచ్చి ఆయన మోకాలెక్కేవి.

ఈ ఇంట్లో అనకూడని మాట ఒకటుంది. ఇక్కడ రాసుకుంటాను. మేము పిట్టలు పట్టేవాళ్ళం. గిద్దలూరు అవతల అడవి అంచున మా ఇళ్ళు. మా నాన్నా, ఇతని నాన్నా బావమరుదులు. పిట్టలు పట్టి సంతకి తీసుకుపోయేవాళ్ళు. ఇతని నాన్న పాము కరిచి పోతే మా నాన్నే ఇతన్ని హాస్టల్లో చేర్పించాడు. అప్పుడు పెద్దవాళ్ళు అనుకున్న మాట ప్రకారం నన్ను చేసుకున్నాడు. మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఈ అమెరికా ఊళ్ళో, ఆష్‌బర్న్‌లో, అడిగిన వాళ్ళకల్లా "మా తాతగారు జమీందార్ల దగ్గర షికారీ" అని చెప్తాడు. మా తాత జమీందారుని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. కనబడితే కంపల చాటుకి పరిగెత్తేవాడు.

మార్చి 14

మా వరుస ఇళ్ళ వెనక వాననీళ్ళ చెరువు. దాని వెనక సన్నటి అడవి ముక్క. ఆ వెనక కిటికీలు లేని పెద్ద కట్టడాలు, డేటా సెంటర్లంటారు, పగలూ రాత్రీ గురకపెడుతుంటాయి. ఆ గురకలోనే తెల్లవారుజామున టర్కీలు అరుస్తాయి. ఏడు పెట్టలు, ఒక పుంజు. మూడు వసంతాలుగా వింటున్నాను.

చక్ గారు ఒక చెక్క డబ్బా కొన్నాడు. దాని మూత రుద్దితే పెట్ట అరుపు రావాలి. నూనె లేని తలుపు అరుపు వస్తోంది. రాతి పలక మీద పుల్లతో గీసేది ఇంకోటి కొన్నాడు. దానికి నా పళ్ళు పులిసిపోయాయి. నాలుకకి అంటించుకునేది మూడోది. అది మింగబోయాడు.

పెట్ట అరుపుకి ఇవేవీ అక్కర్లేదు. కొత్తిమీర కవరులోంచి రెండు వేళ్ళంత ముక్క కత్తిరించి, మడిచి, నాలుకతో పై పళ్ళకి ఆనించాలి. గాలి కడుపులోంచి రావాలి, గొంతులోంచి వస్తే కాకి అవుతుంది. ఒక్క పిలుపులో ఏడెనిమిది అరుపు ముక్కలు. మొదటిది సన్నగా, అడిగినట్టు. తరవాతవి బొంగురుగా, అడగడం మానేసినట్టు. ఊళ్ళో కౌజుకి లేత తాటాకు వాడేవాళ్ళం. ఇక్కడ తాటాకు దొరకదు.

మార్చి 15

నేను పిలవలేదు. పెరటి తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. పుంజు తనంతట తనే చెరువు గట్టు దాకా వచ్చింది.

మార్చి 22, శనివారం

క్లబ్ విందు. అగ్నిమాపక కేంద్రం హాల్లో పెట్టారు. టర్కీలని కాపాడే విందులో టర్కీ తప్ప అన్నీ వండారు. గోడల నిండా తుపాకులు. చీటీ తగిలినవాడికి తుపాకి. ఆడవాళ్ళకి పింకు రంగు తుపాకి. దేవుడి ప్రార్థన ముందు, తుపాకుల చీటీలు తరవాత.

"మనకి గన్ పట్టుకోడానికి పర్మిషన్ ఉంటదా బావా, వీసా మీద?" అని అడిగాను.

"హంటింగ్ లైసెన్స్ ఉంటే పట్టుకోవచ్చు. క్లాస్‌కి పోయినా గదా, కార్డ్ వచ్చింది. నువ్వు నోర్మూసుకొని నవ్వుతా ఉండు."

నోరు మూసుకొని ఎలా నవ్వాలో తెలియలేదు. అలాగే కూర్చున్నాను.

రస్సెల్ లేచి మాట్లాడాడు. ఆయన మాటలు నాకు సగం అర్థమయ్యాయి, మిగతాది మా ఆయన చెవిలో చెప్పాడు. తన చిన్నతనంలో ఏడాదంతా ఈ కొండలు తిరిగినా టర్కీ అరుపు వినబడేది కాదట. అన్నీ చంపి తినేశారట. మిగిలిన కాసిన్నింటిని పట్టుకొని, అట్టపెట్టెల్లో పెట్టి, లేని చోటికి మోసుకుపోయి వదిలారట. కుర్రతనంలో ఆయన కూడా పెట్టెలు మోశాడట. వెనక తెర మీద పాత ఫొటో వేశాడు. గడ్డిలో నలుగురు మగవాళ్ళు, వాళ్ళ చేతుల్లో వల.

వల. కళ్ళు చికిలించి చూశాను. మన ముడే.

నాకు చట్టం తెలియదు. మా ఊరికి చట్టం వచ్చిన రోజు మాత్రం తెలుసు. ఇంటింటికీ వచ్చి వలలు పట్టుకుపోయి, కుప్పేసి కాల్చారు. ఎనిమిదేళ్ళ దాన్ని, ఆ మంట దగ్గర చలి కాచుకున్నాను. నాన్న నన్నేమీ అనలేదు. మా వల కాలింది. వీళ్ళ వలకి ఫొటో కట్టారు, పేరు పెట్టారు, దానికి విందు చేస్తున్నారు. హెరిటేజ్ అట. మేము చేస్తే పిట్టలోళ్ళు, వీళ్ళు చేస్తే హెరిటేజ్.

అసూయ కాదు. నవ్వొచ్చింది, అంతే.

రస్సెల్ మా బల్ల దగ్గరికొచ్చి నాతో ఏదో అన్నాడు. మా ఆయన నా బదులు సమాధానం చెప్పాడు. నేను గాజులు సర్దుకుంటూ నేల చూశాను. ఆయన బూట్లకి నిజమైన మట్టి ఉంది. హాల్లో అందరి బూట్లూ చూశాను. మట్టి అంటినవి ఆయన ఒక్కడివే.

మార్చి 23

పక్కింటి జ్ఞానప్రసూన ఆంటీ కుక్కని తిప్పుతూ ఆగింది.

"ఏమ్మా వసంతలక్ష్మీ, మీ ఆయన వేటగాడయ్యాడటగా! వాట్సప్‌లో చూశాం, తుపాకీ అదీ. పాపం కదమ్మా జీవహింస? మేమైతే ఇంట్లో గుడ్డు కూడా రానివ్వం."

"అవునాంటీ."

"అవి తల్లి పిల్లలతో వెళ్తుంటే ఎంత ముద్దుగా ఉంటాయని! వాటిని చూసి ఎలా కాలుస్తారో. ఇదుగో, లియో, కమ్, కమ్, ఆకలేస్తోందా నాన్నా?" అని కుక్కకి సంచీలోంచి ఎండిన కోడి మాంసం ముక్క తీసి పెట్టింది.

చెరువు గట్టు మీది టర్కీలు తన పూలమొక్కలు తవ్వుతున్నాయని పోయిన నెల కాలనీ వాళ్ళకి ఫిర్యాదు రాసింది కూడా ఈవిడే. జాలి ఈవిడకి కుక్క పట్టీ లాంటిది, కావలసినంత వదులుతుంది, కావలసినప్పుడు లాక్కుంటుంది.

మార్చి 29

పట్టుబడ్డాను. చక్ గారు నిద్ర లేవడు కదా అని పొద్దున్నే తలుపు దగ్గర గొంతు సవరించుకుంటున్నాను. వెనక వచ్చి నిలబడ్డాడు.

కోప్పడతాడనుకున్నాను. ఊరి పని ఇక్కడ చెయ్యొద్దని మొదటి రోజే చెప్పాడు. కోప్పడలేదు. కళ్ళు పెద్దవి చేసుకొని చూశాడు. పెళ్ళయ్యాక నా వైపు అలా చూడడం అదే మొదలు.

"ఇంకోసారి చెయ్" అన్నాడు.

బాత్రూంలో అయితే బాగా వినబడుతుందని తీసుకుపోయి, ఫోను పెట్టి, మూడుసార్లు చేయించి రికార్డ్ చేసుకున్నాడు. "మామ కన్నా బాగా చేస్తాండావే" అన్నాడు. నాన్న పేరు ఈ ఇంట్లో తలవడం కూడా మొదలే. నాకేమీ గర్వం లేదు. మధ్యాహ్నం గోంగూర పచ్చడి చేశాను, అది ఎలాగూ చేయాలనుకున్నదే.

ఏప్రిల్ 3

ఆ రికార్డింగు రస్సెల్‌కి పంపాడట, తనే పిలిచినట్టు. రస్సెల్ రెండు రోజులు జవాబివ్వలేదట. ఈ రోజు పిలిచి, సీజన్ మొదటి రోజు మా పొలానికి రా, మీ ఆవిడని కూడా తీసుకురా అన్నాడట.

"చూసినావా, డైరెక్టర్ ఫార్మ్‌కి మన టీమ్‌లో ఎవడినీ పిలవలా ఇంతవరకూ! నువ్వు టెంట్‌లో నా వెనక కూర్చో. నేను డబ్బా పట్టుకుంటా, నువ్వు పిలువు. ఆయన దూరంగా ఉంటాడు. ఎవరు పిలిచింది ఎవరికి తెలుస్తది?"

"ఫోన్‌లోది పెట్టుకో బావా."

"వేటలో రికార్డింగ్ వాడకూడదంట. ఇల్లీగల్."

పెళ్ళాన్ని వాడొచ్చు కాబోలు. నాన్న పంజరంలో పెంచిన కౌజుని తీసుకుపోయి చేలో పెట్టేవాడు. అది అరిస్తే మిగతావి వచ్చేవి. దాన్ని దీమం అంటారు. నాన్న దానికి రోజూ చెదపురుగులు ఏరి తెచ్చేవాడు.

"ఇది గుడ్ల కాలం" అన్నాను. "పెట్ట గొంతుతో పిలిస్తే పెట్టలు కూడా వస్తాయి. గూడు వదిలేసి వస్తాయి. నాన్న ఈ కాలంలో వల చుట్టి దూలానికి కట్టేసేవాడు, గుర్తులేదా? గుడ్ల మీది పెట్టని పిలిస్తే పిలిచినోళ్ళ గొంతు పోతుందనేవాడు."

"అబ్బబ్బ, ఇక్కడ అంతా సైంటిఫిక్. వసంతంలో పుంజునే కొట్టాలి. రొమ్ము మీద గడ్డం లాగా వెంట్రుకల కుచ్చు ఉంటేనే. పెట్టల జోలికి పోరు. వీళ్ళకి తెలీదా, మీ నాన్నకి తెల్సా?"

మీ నాన్న. మామ అని మొన్నే అన్నాడు. ఐదు రోజులు నిలిచింది.

ఏప్రిల్ 6

వెళ్ళనని చెప్పేశాను.

ఏప్రిల్ 8

వెళ్తున్నాం. అతను బతిమాలినందుకు కాదు. రస్సెల్ సంతకం కోసమూ కాదు. ఆ పొలంలో కొండవాలు ఉందట, నిజమైన అడవి ఉందట. మూడేళ్ళుగా ఈ చెరువూ ఈ గురకే.

ఏప్రిల్ 11

కొత్తిమీర కవరు ముక్కలు నాలుగు కత్తిరించి పెట్టుకున్నాను. పుంజునే పిలుస్తాను. పుంజుకి పిలుపు వేరు. వేరనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 12

పెట్ట.

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్న ఒక్క మాట కన్నా ఎక్కువ రాయలేకపోయాను. ఈ రోజు వరసగా రాస్తాను.

తెల్లవారకముందే వెళ్ళాం. రస్సెల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో కాఫీ ఫ్లాస్కు తప్ప ఏమీ లేదు. "ఈ రోజు నీది చక్, నేను తుపాకి తేలేదు" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, వేలు పైకెత్తి, రెండుసార్లు చెప్పాడు, నాకు కూడా అర్థమైంది. గడ్డం కనబడేదాకా తుపాకి లేపొద్దు.

కొండవాలు కింద గడ్డిమైదానం. అంచున ఆకుల రంగు డేరా. మైదానంలో ప్లాస్టిక్ పెట్ట బొమ్మ ఒకటి పాతారు. చెదపురుగులు అక్కర్లేని దీమం. మేమిద్దరం డేరాలో, రస్సెల్ మా వెనక ఓక్ చెట్టుకి ఆనుకొని. ఆయనకి క్యామో లేదు, పాత గోధుమరంగు కోటు. కదలకుండా కూర్చున్నాడు. చెట్టు వేషం వేసినవాడు మాత్రం డేరాలో జిప్పులు లాగుతూ, తుమ్ములు ఆపుకుంటూ, బూటు కాలు మార్చి మార్చి పెడుతున్నాడు.

వెలుగు వచ్చింది. పిలిచాను.

మొదటి పిలుపుకే పైనుంచి పుంజు పలికింది. కొండంతా పలికినట్టుంది. నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఇంకోసారి పిలిచాను, మళ్ళీ పలికింది, ఇంకాస్త దగ్గర. మా ఆయన చెక్క డబ్బా ఒళ్ళో పెట్టుకొని, నా వైపు చూసి, పళ్ళు కనబడేలా నవ్వాడు.

అప్పుడు కుడివైపు పొదల్లోంచి పెట్ట వచ్చింది. అరవలేదు. తల వంచుకొని, వడివడిగా, ఎవరో తన చోటుకి వచ్చారని చూడడానికి వచ్చిన ఇల్లాలిలాగా బొమ్మ దగ్గరికి నడిచింది. రొమ్ము మీద గడ్డం లేదు. తల పుంజు తలలా ఎర్రగా లేదు, నీలంగా, బక్కగా ఉంది. చిన్నపిల్ల కూడా చెప్తుంది.

పెట్ట బావా, పెట్ట అన్నాను. అతను వినలేదు. కాల్చాడు.

రస్సెల్ నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు. పెట్ట పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, టోపీ తీసి, విప్పుకుపోయిన రెక్కని మడిచి సరిగ్గా పెట్టాడు. పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, "గుడ్డుతో ఉంది" అన్నాడు. మెల్లగా నొక్కి బయటికి తీశాడు. గోధుమరంగు చుక్కల గుడ్డు, కాసేపట్లో పెట్టేదే. నా చేతికిచ్చాడు. వేడిగా ఉంది.

మా ఆయనకి అప్పటికి మాట వచ్చింది. ఇంగ్లీషులో గడగడా చెప్పాడు, పుంజుని వీళ్ళు టామ్ అంటారు. "వసంత చెప్పింది రస్సెల్, టామ్ అని తనే చెప్పింది. వాళ్ళది వేటగాళ్ళ ఫ్యామిలీ, పిట్టలు పట్టేవాళ్ళు, తనకి తెలుస్తుందని నమ్మి కాల్చాను. అసలు పిలిచింది కూడా తనే."

మూడేళ్ళు దాచిన మా కులవృత్తి ఇలా బయటపడింది. మెప్పు కావాల్సినప్పుడు జమీందారు. తప్పు మొయ్యాల్సినప్పుడు పిట్టలోళ్ళు.

"పిలిచింది ఆమె అని తెలుసు" అన్నాడు రస్సెల్. "నువ్వు పంపిన రికార్డింగులో గాజులు మోగాయి, చక్. అందుకే ఆమెని తీసుకురమ్మన్నాను."

తరవాత ఫోను తీసి తనే వేట శాఖ ఆఫీసరుని పిలిచాడు. మా ఆయన ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. "ప్లీజ్ రస్సెల్, ఎవరూ చూడలేదు గదా." రస్సెల్ చెయ్యి విడిపించుకున్నాడు, చొక్కాకి పట్టిన పల్లేరు కాయని తీసినట్టు.

ఆఫీసరు ఆడమనిషి. నన్ను అడగబోతే మా ఆయన అడ్డం వచ్చి, ఈమెకి ఇంగ్లీషు రాదు అన్నాడు. మంగళవారం ఇంటికి వచ్చి వాంగ్మూలం రాసుకుంటానంది. పెట్టని తీసుకుపోయింది. గుడ్డు నా చేతిలోంచి తీసుకుంది.

పెట్ట బావా అని నేను గట్టిగానే అన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

నిన్న రాసింది చదివాను. గట్టిగానే అన్నాను అని రాశాను. గట్టిగా అనలేదు. మెల్లగా అన్నాను.

పొద్దున్నించీ చక్ గారు ఆఫీసుకి పోలేదు. ఇల్లంతా తిరుగుతున్నాడు.

"సింపుల్, వసంతా. ఆమె అడుగుతది, నువ్వు టామ్ అని చెప్పినావా అని. నువ్వు యస్ అను. అంతే. తల ఊపు చాలు."

"నేను చెప్పలేదు గదా బావా."

"చెప్పలేదని నాకు తెల్దా? నా మీద కేస్ పడితే రికార్డ్‌లో ఉంటది. గ్రీన్ కార్డ్‌లో అడుగుతారు. రస్సెల్ సంతకం పెట్టడు. నువ్వు చెప్పినావంటే అది హానెస్ట్ మిస్టేక్. నీకేం పోతుంది? నీకు ఉద్యోగమా, వీసానా?"

నీకేం పోతుంది. పదిసార్లు అన్నాడు. అన్నం తింటూ అన్నాడు, పళ్ళు తోముకుంటూ అన్నాడు.

"నన్ను చదివించింది మామే. ఆయన మీద ఒట్టు, ఈ ఒక్కసారి నన్ను కాపాడు. మళ్ళా జన్మలో తుపాకి పట్టుకోను" అని ఏడ్చాడు కూడా. హాస్టల్ నుంచి సెలవలకి వచ్చినప్పుడు ఇలాగే ఏడ్చేవాడు, వెనక్కి పోనని. అప్పుడు చూడబుద్ధయ్యేది.

అతని మీద నాకు జాలి లేదు. ఉంటే రాసేదాన్ని.

సాయంత్రం

మెల్లగా కూడా అనలేదు.

నోట్లో కవరు ముక్క ఉంది. అది నోట్లో ఉంటే మాట రాదు. తీసి చెప్పొచ్చు, వేలితో తీస్తే చిటికెలో వస్తుంది. పెట్ట పొదల్లోంచి బొమ్మ దగ్గరికి నడిచిన దూరం పాతిక అడుగులు. అంతసేపు ఉంది నాకు. ఈ పక్క తుపాకి గొట్టం లేస్తోంది, చూశాను. పైనుంచి పుంజు దిగుతోంది, విన్నాను. ఒకే పిలుపుకి పెట్టా పుంజూ రెండూ వస్తున్నాయి. నాన్నకి కూడా ఎప్పుడూ అలా రాలేదు. వెనక ఆ ముసలాయన వింటున్నాడు.

తియ్యలేదు. ఇంకోసారి పిలిచాను.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో అందరినీ చూసి నవ్వాను.

ఏప్రిల్ 15, మంగళవారం

ఆఫీసరు పదకొండింటికి వచ్చింది. బూట్లు బయటే విడిచి వచ్చింది, ఎవరో చెప్పి ఉంటారు. మా ఆయన కుర్చీ వేశాడు, టీ పెట్టమన్నాడు. తను దుబాసీగా ఉంటానన్నాడు. అక్కర్లేదంది, ఫోనులో తెలుగు మనిషిని కలుపుతానంది.

ఫోనులో ఎవరో ఆయన, మర్యాదస్తుడు, "నమస్కారం అమ్మా, ఆఫీసరు గారు అడుగుతున్నారు, అది మగపక్షి అని మీరు మీ భర్తకి చెప్పారా?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. తల ఊపాడు, నాకు ఎలా ఊపాలో చూపించినట్టు.

తెలుగులో చెప్తే ఆ ఫోను మనిషి సర్ది, ఇస్త్రీ చేసి చెప్తాడు. మా ఆయన మధ్యలో దూరతాడు. నేను ఆఫీసరు మొహం చూశాను. ఈ దేశం వచ్చాక ఎవరి మొహమూ అంతసేపు చూడలేదు.

"నో" అన్నాను. "ఐ నాట్ టెల్ టామ్. ఐ కాల్డ్. హెన్ కేమ్. ఐ నో హెన్. ఐ సీ గన్. మై మౌత్ ఫుల్. ఐ నాట్ స్టాప్."

ఆవిడ రాయడం ఆపి, "నువ్వు కాల్చలేదు కదా" అంది.

"ఐ కాల్డ్" అన్నాను మళ్ళీ. అది కూడా రాసుకోమన్నట్టు కాగితం వైపు వేలు చూపించాను. రాసుకుంది.

"వసంతా!" అన్నాడు మా ఆయన. టీ పొంగిపోయింది.

ఆవిడ అతనికి కాగితం ఇచ్చింది, కోర్టు తేదీ ఉంది దాని మీద. లైసెన్సు తీసుకుపోయింది. నాకు కాగితమేమీ ఇవ్వలేదు. ఇస్తుందనుకున్నాను.

ఏప్రిల్ 17

చక్ గారు పై గదిలో, నేను కింద. లాయరు చెప్పాడట, వెంటనే ఆఫీసరుకి చెప్పేశారు గనక మొదటి తప్పు కింద పోవచ్చు, పోకపోవచ్చు. రస్సెల్ సంతకం సంగతి తెలియదు.

మెట్ల మీద ఎదురైతే ఒక్క మాట అన్నాడు. "నన్ను చూస్తే నీకు అసహ్యమా?"

కాదనడానికి నోరు తెరిచాను. తరవాత మూశాను. అబద్ధాలకి వాడే గొంతు అయిపోయింది కాబోలు.

ఏప్రిల్ 20

చెరువు అవతల పుంజు అరుస్తోంది. పెట్టలు ఇప్పుడు కనబడడం లేదు, గూళ్ళ మీద కూర్చొని ఉంటాయి. అది ఒక్కటే గట్టు మీద తోక విప్పుకొని అటూ ఇటూ తిరుగుతూ, అరిచి, ఆగి, మా పెరటి తలుపు వైపు చూస్తోంది. నేను నేర్పిన అలవాటే.

తలుపు వెనక నిలబడ్డాను. గొంతు పోలేదు, ఉంది. పిలవలేదు. గొంతు కూడా సవరించుకోలేదు.

మిగిలిన మూడు కవరు ముక్కలూ చెత్తబుట్టలో వేశాను. ఈ పుస్తకం మాత్రం వెయ్యలేకపోయాను. కాల్చేద్దామని స్టవ్ దగ్గరికి తీసుకుపోయాను. కాస్త అంచు అంటుకోగానే పొగ అలారం మోగి, పైనుంచి చక్ గారు చెట్టు బొమ్మల ప్యాంటుతోనే పరిగెత్తుకొచ్చాడు. కూర మాడింది అని చెప్పాను. ఆ అబద్ధం ఎలా వచ్చిందో వచ్చేసింది.

అందుకే, ఇది ఎవరికి దొరికితే వారికి నా మాట. మార్చి పద్నాలుగు పేజీలో పెట్ట పిలుపు ఎలా పిలవాలో రాసి ఉంది. ఎవరైనా చదివి నేర్చుకుంటారు. నేర్చుకున్నవాళ్ళు ఏ కాలమో చూడకుండా పిలుస్తారు, నాలాగే, ఎవరో వింటున్నారని. ఆ పేజీ ఒక్కటే చించితే మిగతాది చదువుతారు, నేను ఎంత బాగా పిలిచానో అందులో ఉంది. అది కూడా వద్దు.

మొత్తం కాల్చెయ్యండి. ఇంట్లో కాదు, బయట, గాలి లేని రోజు చూసి. పక్కన చిన్నపిల్లలు ఎవరైనా ఉంటే చలి కాచుకోనివ్వండి, ఏమీ అనకండి.